ముత్యాలపాడులో మొదలైన బడి

నంద్యాల ఎస్‌పీజీ హైస్కూలు పేరు వెనకున్నది 1701లో లండన్‌లో పుట్టిన ఆంగ్లికన్ మిషన్ సంఘం, సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్. ఈ ప్రాంతంలో ఆ సంఘం మొదట వేళ్లూనింది మాత్రం నంద్యాలలో కాదు, ఆళ్లగడ్డ దాటాక చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడులో.

1850ల్లో జాన్ క్లే అనే మిషనరీ అక్కడ స్థిరపడ్డాడు. మాలపల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే క్రైస్తవంలో చేరుతున్న కాలమది. ఆ పిల్లలకు వీధిబడి అరుగు మీద చోటు లేదు. అందుకే బడి పల్లెలోకే వచ్చింది. ఓనమాలు దిద్దించేదీ, ప్రార్థన నడిపేదీ ఒకే మనిషి: ఉపదేశి.

మత ప్రచారమే మిషన్ మొదటి ఉద్దేశం, అందులో దాపరికం లేదు. కానీ అంటరానివాడని ఊరు గెంటేసిన పిల్లవాడి చేతికి పలక అందింది. అంతకన్నా పెద్ద మార్పు, ఆ పల్లెల్లోంచే పంతుళ్లు పుట్టుకురావడం. వాళ్లను తయారుచేయడానికి నంద్యాలలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వెలిసింది. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన ఇంటి బిడ్డ 'అయ్యవారు' అనిపించుకోవడం ఆ రోజుల్లో ఎంతటి తిరుగుబాటో ఇప్పుడు ఊహించడం కూడా కష్టం.

 

ఈ బడులకు ఊపిరి పోసింది ఒక్క విదేశీ చందాలే కాదు. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ ప్రైవేటు యాజమాన్యాల బడులకు సర్కారు గ్రాంటు దారి తెరిచింది. మన 'ఎయిడెడ్' బడికి మూలం అదే. జీతంలో సాయం ప్రభుత్వానిది, నడక యాజమాన్యానిది.  

2021లో ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టినప్పుడు విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్డెక్కారు. యాజమాన్యాలు అందుకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలును ఆ నవంబరులో ప్రభుత్వం కల్పించాల్సి వచ్చింది.

ముత్యాలపాడు నుంచి నంద్యాల దాకా ఉన్న పల్లెల్లో ఈ బడుల మొదటి తరం మనవలూ మునిమనవలూ ఉన్నారు. ఇంట్లో తాతల టీసీలు, గ్రూపు ఫోటోలు, ఉపదేశుల ఉత్తరాలు ఉంటే చెదల పాలు కానివ్వకండి. జిల్లా చరిత్ర రాసేవారికి చూపించండి.