పూనిక – పూచీ

ఆంగ్లమున ‘అండర్‌టేక్’ అను క్రియ యొకటి కలదు. పూనుకొనుట, చేపట్టుట అని మనము దానికి అర్థము చెప్పుకొందుము. తప్పు కాదు గాని, అది సగమే. ఒక పనిని ‘అండర్‌టేక్’ చేసితినన్నచో దానికి పూనుకొంటినని అర్థము. ఫలానిది చేయుదునని ‘అండర్‌టేక్’ చేసితినన్నచో, చేసి తీరుదునని మాట యిచ్చితినని అర్థము. వెనుకటి కాలమున ఇంగ్లాండు న్యాయస్థానములలో ‘అసంప్‌సిట్’ అను దావా యుండెడిది. ఆ లాటిను మాటకు ‘అతడు పూనుకొనెను’ అని భావము. మాట తప్పినవానిని ఆ పేరిటనే కోర్టుకు ఈడ్చెడివారు. ఇక ‘అండర్‌టేకర్’ అనగా మొదట ఏ పనినైనను మీద వేసుకొనువాడు. నేడు ఆ పేరు ముఖ్యముగా అంత్యక్రియల ఏర్పాట్లు చేయువానికే మిగిలినది. ఎంతటి పూనిక ఎక్కడ తేలినదో చూడుడు!

తెలుగున పూనిక వేరు, పూచీ వేరు. ఈ రెంటికి నడుమ ఎంత దూరమో తెలిసికొనుటకు శ్రోతలు హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ వంక చూచిన చాలును.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలినది, వంతెన దెబ్బతిన్నది, వేలమంది జలసమాధి యైరి. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టు ఎవరికి మాట యిచ్చినది కాదు!

నిజాం ప్రభుత్వము పిలువగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చిరి. నగరమునకు ఎగువనున్న 788 చెఱువులలో 221 తెగినవని లెక్క తేల్చిరి. మూసీ మీద నొకటి, ఈసీ మీద నొకటి జలాశయములు కట్టవలెనని అక్టోబరు 1న నివేదిక సమర్పించిరి. మరుసటి నెలలో మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెడలిపోయిరి. ఆయన పూనుకొన్నది ఉపాయము చెప్పుటకు. దానిని లోపము లేక నెరవేర్చిరి. అయినను నగరమును కాపాడిన ఖ్యాతి యంతయు ఆయనకే కట్టబెట్టుట మనకు అలవాటైనది. పూచీ మోసినవారు వేరు.

ఆయనను పిలిపించిన మహబూబ్ అలీఖాన్ ప్రభువు 1911లో గతించెను. తండ్రినాటి పని కొడుకు ఉస్మాన్ అలీఖాన్ తలకెత్తుకొనెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. కూలిన ఆసుపత్రికి మారుగా ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి నిలిచినది. నివేదికకును రెండవ ఆనకట్టకును నడుమ పదునెనిమిదేండ్లు! రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకము మీదను కానరావు. ఆ పూచీలో వారి పాలు తక్కువది కాదు.

ఆనకట్ట కట్టుటతో పూచీ తీరదు. వరద వచ్చినప్పుడు తలుపులు ఎప్పుడెత్తవలెను, ఎంత నీరు వదలవలెను అను లెక్క యేటేట ఉన్నదే. 2025 సెప్టెంబరు చివర జంటజలాశయముల తలుపులెత్తగా మూసీ నీరు అఫ్జల్‌గంజ్ చేరువనున్న మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి వచ్చినది. ఆ రాత్రి ప్రయాణికులను వెలుపలికి తరలింపవలసి వచ్చెను.