నారా గుడిలో మన అక్షరాల వరుస



పోయిన నెల మేము మొదటిసారి జపాను వెళ్ళి, నారా ఊళ్ళో తోదాయిజీ గుడి చూశాము. వాకిట్లో జింకలు, లోపల సుమారు 15 మీటర్ల కంచు బుద్ధుడు. 752లో ఆ విగ్రహానికి కుంచెతో కళ్ళు దిద్దినది మన దేశం నుండి 736లో అక్కడికి చేరిన బోధిసేనుడు. మన గుళ్ళల్లో నేత్రోన్మీలనం వంటిదే. కుంచెకు కట్టిన తాడును చుట్టూ ఉన్నవారు పట్టుకున్నారట. ఆ కుంచె, తాడు షోసోయిన్ ఖజానాలో నేటికీ ఉన్నాయి. ఆయనది మదురై అని కొందరంటారు. మదురైలో పుట్టిన మాకు నమ్మాలనే ఉంటుంది.

1180లో, 1567లో యుద్ధాల్లో గుడి కాలింది. ఇప్పటి మందిరం 1709 నాటిది, పాతదానికన్నా వెడల్పు తక్కువ. అయినా మెడ నొప్పి పుట్టింది.

గైడు అమ్మాయి వాళ్ళ అక్షరాలు చదివింది: అ, ఇ, ఉ, ఎ, ఒ, క, స, త, న, హ, మ, య, ర, వ. మాకు ఒళ్ళు పులకరించింది. బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం నేర్చిన సిద్ధం లిపి నుండి వచ్చిన వరుస అది. ‘హ’ను ఒకప్పుడు ‘ప’ అనేవారు.

మేము బళ్ళో చదివింది తమిళం. రైల్వేలో చేరాక స్టేషను బోర్డులు చూసి తెలుగు కూడబలుక్కున్నాము. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో ఎందరికి ఈ వరుస వచ్చును?

ఆ రాత్రే హోటల్లో మనవరాలిచేత క, చ, ట, త, ప రాయించాము. “చ చోట వాళ్ళకు స ఎందుకు తాతా?” అని అడిగింది. తమిళంలోనూ ఆ రెంటికీ ఒకే అక్షరం కదమ్మా అన్నాము.