నెట్‌వర్క్ చిరునామా: ఎంబెడెడ్ పరికరాల్లో దాని చరిత్ర

మోటారు స్టార్టరు, కరెంటు మీటరు, వీధి దీపం, రౌటరు, ప్రింటరు వంటి పరికరాల లోపల ఒకే పనికి కట్టుబడి ఉండే చిన్న కంప్యూటరును ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు. అది మరో యంత్రంతో మాట్లాడాలంటే దానికి ఒక చిరునామా కావాలి. ఆ చిరునామాను ఎవరు ఇస్తారు, మెమరీలో ఏ రూపంలో దాస్తారు, తీగ మీదికి ఏ బైటు ముందు వెళుతుంది, మార్చాల్సి వస్తే ఎలా మారుస్తారు అనే ప్రశ్నలకు ఇంజనీర్లు నాలుగు దశాబ్దాలుగా జవాబులు వెతుకుతున్నారు. బల్ల మీది కంప్యూటరులో అడ్రస్ తప్పితే ఎదురుగా కూర్చున్న మనిషి దిద్దుకుంటాడు. స్తంభానికి బిగించిన పెట్టెకు స్క్రీనూ ఉండదు, కీబోర్డూ ఉండదు. అందుకే పెద్ద కంప్యూటర్లలో చిరాకుతో సరిపోయే పొరపాటు ఇక్కడ పరికరాన్నే పనికిరాకుండా చేస్తుంది.

ఆరంభ దశ

ఇంటర్నెట్ ప్రోటోకాల్ (ఐపీ) నాలుగో రూపాన్ని నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 791 పత్రం జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో 1981 సెప్టెంబరులో వెలువడింది. చిరునామాకు 32 బిట్లు, అంటే నాలుగు బైట్లు కేటాయించారు. లెక్క కడితే సుమారు 429 కోట్ల చిరునామాలు. 1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం ఈ పద్ధతికి మారింది.

నాలుగు బైట్లలో ఏది ముందు పంపాలన్న తగవు అంతకు ముందే మొదలైంది. ఇంటెల్ చిప్పులు సంఖ్యలోని చిన్న బైటును ముందు దాస్తాయి, మోటరోలా 68000 పెద్ద బైటును ముందు దాస్తుంది. డానీ కోహెన్ 1980 ఏప్రిల్ 1న రాసిన ప్రసిద్ధ పత్రంలో ఈ రెండు పక్షాలకూ గలివర్ కథలోంచి పేర్లు పెట్టి, ఎవరిది ఒప్పన్న దానికన్నా అందరూ ఒకే క్రమానికి ఒప్పుకోవడం ముఖ్యమని తేల్చాడు. చివరికి పెద్ద బైటు ముందు వెళ్లే పద్ధతే నెట్‌వర్క్ క్రమంగా స్థిరపడింది. నేటి ఎంబెడెడ్ బోర్డుల్లో ఎక్కువగా కనిపించే ఆర్మ్ ప్రాసెసర్లు సాధారణంగా చిన్న బైటు ముందు పద్ధతిలో నడుస్తాయి కాబట్టి, ప్రతి పంపకంలోనూ, ప్రతి స్వీకారంలోనూ బైట్లను తిరగేయక తప్పదు.

ఈ తిరగేతను మరిచిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 192.168.1.10 అనే చిరునామాను ఒకే సంఖ్యగా రాస్తే 3232235786 అవుతుంది. బైట్లు తిరగబడితే అదే 10.1.168.192 అవుతుంది. అది కూడా సొంత నెట్‌వర్కుల కోసం కేటాయించిన చిరునామాయే, చూడటానికి ఏ లోపమూ కనిపించదు. ప్రోగ్రామ్ తప్పు సందేశం ఇవ్వదు. ప్యాకెట్లు మాత్రం లేని యంత్రాన్ని వెతుక్కుంటూ వెళతాయి.

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ సాకెట్ పద్ధతిని ఇచ్చింది. అక్షరాల రూపంలోని చిరునామాను సంఖ్యగా, సంఖ్యను అక్షరాలుగా మార్చే ప్రమేయాలు ఆ సంప్రదాయం నుంచే వచ్చాయి. నలభై ఏళ్లు దాటినా సీ భాషలో రాసే ఫర్మ్‌వేర్‌లో అవే పేర్లు తిరుగుతున్నాయంటే ఆ రూపకల్పన ఎంత గట్టిదో అర్థమవుతుంది. లోపాలూ వాటితోపాటే వచ్చాయి. ఇనెట్ యాడర్ అనే ప్రమేయం తప్పు చిరునామా ఇస్తే మైనస్ ఒకటి తిరిగి ఇస్తుంది. 32 బిట్లలో మైనస్ ఒకటి, 255.255.255.255 రెండూ ఒకటే. ఇనెట్ ఎన్‌టోఏ తన ఫలితాన్ని ఎప్పుడూ ఒకే చోట దాస్తుంది కనుక, ఒకే ప్రింటు వాక్యంలో రెండు చిరునామాలు అడిగితే రెండు చోట్లా ఒకటే అచ్చవుతుంది. ఈ ఇబ్బంది తీర్చే కొత్త ప్రమేయాలు 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2133లో చేరాయి.

అంకెల ముందు చేరే సున్నాల చిక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసే టెక్నీషియన్లకు బాగా తెలుసు. యంత్రాల ప్యానెళ్ల మీద అడ్రస్ మూడేసి అంకెల గడుల్లో కనిపిస్తుంది: 192.168.001.010. దాన్ని అలాగే కంప్యూటరులో కొడితే పాత ప్రమేయాలు ముందున్న సున్నాను చూసి ఆ భాగాన్ని ఎనిమిది మూలంగా ఉన్న సంఖ్య అనుకుంటాయి. 010 కాస్తా 8 అవుతుంది. చిరునామాను దాచే జాగా కూడా అంతే ముఖ్యం: అతి పొడవైన రూపానికి 15 అక్షరాలు, చివరి సున్నా బైటుతో కలిపి 16 కావాలి. ఒక్క బైటు మిగుల్చుకుందామని 15కే కుదిస్తే పక్కనున్న మెమరీ చెడుతుంది.

ఈథర్నెట్ కార్డుకు ఫ్యాక్టరీలోనే ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామాను ఐపీ అడ్రస్‌తో జతచేసే ఏఆర్‌పీ పద్ధతిని డేవిడ్ ప్లమర్ 1982 నవంబరులో ప్రతిపాదించాడు. మ్యాక్‌లో మొదటి 24 బిట్లను ఐఈఈఈ సంస్థ తయారీదారుకు ఇస్తుంది, మిగతా 24 తయారీదారు చేతిలో ఉంటాయి. డిస్కు లేని యంత్రం ఆన్ కాగానే తన అడ్రస్ తానే అడిగి తెలుసుకోవడానికి 1984లో ఆర్‌ఏఆర్‌పీ, 1985లో బూట్‌పీ వచ్చాయి. 1993లో వీటి వారసుడిగా డీహెచ్‌సీపీ వచ్చింది. 10, 172.16, 192.168తో మొదలయ్యే సొంత చిరునామాల నియమం 1996 ఫిబ్రవరి నాటిది.

ఎనిమిది బిట్లలో ఇంటర్నెట్

ఎనిమిది బిట్ల చిప్పులో, కొన్ని వందల బైట్ల మెమరీలో టీసీపీ ఐపీ పూర్తిగా ఇమడదని 2000 ప్రాంతంలో చాలామంది నమ్మేవారు. స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్ రాసిన ఎల్‌డబ్ల్యుఐపీ, యూఐపీ అనే రెండు ప్రోగ్రాములు ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టాయి. ఎల్‌డబ్ల్యుఐపీ ఇప్పటికీ లెక్కలేనన్ని బోర్డుల్లో నడుస్తోంది. చిరునామాను నెట్‌వర్క్ క్రమంలోనే దాచి, మనిషికి చూపేటప్పుడు మాత్రమే అక్షరాలుగా మార్చడం దాని పద్ధతి. ఈ క్రమశిక్షణను ఎంబెడెడ్ పని నేర్చుకునే వాళ్లు మొదటే అలవాటు చేసుకోవడం మేలు.

కొరియా సంస్థ విజ్‌నెట్ మరో దారి పట్టింది. దాని డబ్ల్యు5100 చిప్పులో టీసీపీ ఐపీ మొత్తం హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది. గేట్‌వే, సబ్‌నెట్, మ్యాక్, ఐపీ అడ్రస్‌లను వరుసగా వాటి వాటి రిజిస్టర్లలో రాస్తే చాలు. ఆర్డుయినో ఈథర్నెట్ షీల్డు ఈ చిప్పుతోనే విద్యార్థుల చేతికి వచ్చింది. తొలి షీల్డుల వాడకంలో మ్యాక్ అడ్రస్‌ను ప్రోగ్రామ్‌లోనే రాసేవారు. నమూనా ప్రోగ్రామును ఉన్నదున్నట్టు కాపీ చేసిన రెండు బోర్డులు ఒకే ల్యాబులో పెడితే రెండింటి సంభాషణా చెడేది.

విస్కాన్సిన్ ఉదంతం

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన సంఘటన 2003 మేలో బయటపడింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్‌లో నడిపే సమయ సర్వరు మీదికి ఉన్నట్టుండి ప్యాకెట్ల వరద వచ్చింది. అన్నీ ఒకే పోర్టు నుంచి, 23457 నుంచి బయల్దేరినవి. వెతికి చూస్తే అవి దాడులు కావు, నెట్‌గేర్ సంస్థ ఇళ్లకు అమ్మిన చిన్న రౌటర్లు పంపినవి. సరైన సమయం తెలుసుకోవడానికి ఆ విశ్వవిద్యాలయం సర్వరు అడ్రస్ 128.105.39.11ను ఫర్మ్‌వేర్‌లోనే చెక్కేశారు. జవాబు రాకపోతే రౌటరు సెకనుకోసారి మళ్లీ అడుగుతుంది. ట్రాఫిక్‌ను అడ్డుకుంటే జవాబు రాదు, జవాబు రాకపోతే అడగడం ఇంకా పెరుగుతుంది. జూన్ నాటికి గరిష్ఠంగా సెకనుకు 2,50,000 ప్యాకెట్లు వచ్చాయి. అలాంటి పరికరాలు 7 లక్షలకు పైగా అమ్ముడై ఉన్నాయి, ఇళ్లలో ఉన్న వాటి ఫర్మ్‌వేర్‌ను యజమానులే మార్చుకోవాలి.

విశ్వవిద్యాలయ ఇంజనీరు డేవ్ ప్లాంకా ఈ దర్యాప్తును ఎంతో ఓపికగా నడిపి, ఆ అనుభవంతో 2005 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 4085 రాశాడు. పరికరంలో ప్రపంచ చిరునామాను చెక్కకూడదు, పేరును వాడి డీఎన్‌ఎస్ ద్వారా అడగాలి, సెట్టింగు మార్చే వీలుండాలి అన్నవి అందులోని సూచనలు.

తెలుగు నేల మీద

భారతదేశంలో పరిశోధనా సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ 1986లో మొదలైంది. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. తెలుగువాళ్ల ఎంబెడెడ్ నెట్‌వర్క్ పనికి హైదరాబాద్‌లోని రెడ్‌పైన్ సిగ్నల్స్ డిజైన్ కేంద్రం గట్టి పునాది వేసింది. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన ఈ సంస్థ తక్కువ కరెంటుతో నడిచే వైఫై మాడ్యూళ్లు చేసింది. చిన్న మైక్రోకంట్రోలరు తీగ మీద ఆదేశం పంపితే చాలు, ఐపీ అడ్రస్ తెచ్చుకోవడం దగ్గర్నుంచి మాడ్యూలే చూసుకుంటుంది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ ఈ వైఫై, బ్లూటూత్ విభాగాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొన్నది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ క్యాంపసులో గాలి, నీరు, కరెంటు కొలిచే సెన్సర్లు వన్‌ఎం2ఎం పద్ధతిలో సమాచారం పంపుతాయి. అక్కడ సమాచారాన్ని వెతికేది ఐపీ అడ్రస్‌తో కాదు, కొమ్మలుగా అమర్చిన వనరుల పేర్లతో. సెన్సరు అడ్రస్ మారినా చదివేవారికి ఇబ్బంది ఉండదు.

ఖమ్మం జిల్లాలో కల్లూరు, సత్తుపల్లి మధ్య అడవి అంచున ఉన్న పెనుబల్లి వంటి మండలాల్లో చిరునామా సమస్యే వేరే వేషంలో కనిపిస్తుంది. ఇలాంటి ఊళ్లలో బోరు మోటారు ఇంటికి దూరంగా ఉంటుంది, అక్కడికి నెట్ తీగ వెళ్లదు. రైతులు వాడే మొబైల్ స్టార్టరులో ఒక సిమ్ ఉంటుంది, దాని చిరునామా ఫోను నంబరే. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ ఈ తరహా పరికరాల్లో పేరు పొందింది. రైతు ఫోను చేస్తే స్టార్టరు పిలిచిన నంబరును తన జాబితాలో వెతికి, ఉంటేనే మోటారు వేస్తుంది. ఆ నంబరు ఒకసారి 91తో, ఒకసారి సున్నాతో, ఒకసారి ఉత్త పది అంకెలతో రావచ్చు. ఉన్నదున్నట్టు పోల్చే ప్రోగ్రాము సొంత రైతునే వెనక్కి పంపేస్తుంది. అందుకే చివరి పది అంకెలనే పోల్చడం వాడుకైంది. ఐపీ అడ్రస్‌కు బర్క్‌లీలో ఎదురైన చిక్కే ఇక్కడా ఉంది: ఒకే చిరునామాకు అనేక రూపాలు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, భూగర్భ జలం వృథా కాకుండా కరెంటు రాగానే వాటంతటవే మోటారు వేసే ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. ఫోనుతో నడిపే పెట్టెలో ఆ ఇబ్బంది లేదు, ఎప్పుడు వేయాలో రైతే నిర్ణయిస్తాడు.

సిమ్ ద్వారా డేటా వాడే పరికరాలకు మరో అడ్డంకి ఉంది. మొబైల్ కంపెనీ ఇచ్చే ఐపీ అడ్రస్ తరచూ మారుతుంది, పైగా చాలాసార్లు అది లోపలి చిరునామా. 2012 ఏప్రిల్‌లో ఇందుకోసమే 100.64తో మొదలయ్యే భాగాన్ని కేటాయించారు. బయటి సర్వరు పరికరాన్ని నేరుగా పిలవలేదు. పరికరమే ముందు పిలిచి, లైను తెగకుండా అప్పుడప్పుడు చిన్న ప్యాకెట్ పంపుతూ ఉండాలి. చమురు పైపులైన్ల పర్యవేక్షణకు 1999లో పుట్టిన ఎంక్యూటీటీ ప్రోటోకాల్ ఈ పనికి చక్కగా కుదిరింది.

ఆరో రూపం

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర నిధిలో నాలుగో రూపం చిరునామాలు అయిపోయాయి. 128 బిట్ల ఐపీవీ6 తొలి పత్రం 1995లోనే వచ్చింది. ఒక్కో అడ్రస్‌కు 16 బైట్లు, అక్షరాల్లో రాస్తే 46 బైట్ల జాగా కావాలి. చిన్న రేడియో ప్యాకెట్‌లో అది ఇమడాలని 2007 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4944 శీర్షికలను కుదించే పద్ధతి చూపింది. వీధి దీపాలను కలిపే వై-సన్ నెట్‌వర్కులు ఆ బాటలోనివే. భారత ప్రభుత్వం 2010 జూలైలో ఐపీవీ6 మార్గసూచి ప్రకటించింది. 2016 సెప్టెంబరులో మొదలైన జియో నెట్‌వర్క్ ఐపీవీ6ను కోట్ల ఫోన్లకు చేర్చింది. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సిమ్‌లకు 2018 జూలై 1 నుంచి టెలికం శాఖ 13 అంకెల నంబర్ల పద్ధతి తెచ్చింది. పది అంకెలకే చోటు వదిలిన పాత ప్రోగ్రాములకు ఆ నంబరును దాచే జాగా పెంచాల్సి వచ్చింది.