నోళ్లలో నానిన ప్రకటనలు

సినిమాలో సిగరెట్టో గుట్కానో కనిపిస్తే ఆట మొదట్లో ఒకసారి, విరామం దగ్గర మరోసారి పొగాకు వ్యతిరేక ప్రకటన వేయాలన్న నిబంధన 2012 అక్టోబరు 2 నుంచి దేశమంతటా అమలైంది. మొదట పంపిన రెండు ప్రకటనల్లో ఒకటి ఊపిరితిత్తులను స్పాంజితో పోల్చేది, రెండోది ముకేశ్ అనే యువకుడిది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో తయారయ్యే సినిమా ఎంత పెద్ద హీరోదైనా సరే, ఎర్రగడ్డ గోకుల్ థియేటరులోనైనా మరెక్కడైనా అప్పట్లో ఆయన కంటే ముందు తెర మీదకు వచ్చింది ముకేశే.

ముకేశ్ నటుడు కాడు. మహారాష్ట్రలోని భుసావల్‌కు చెందిన ముకేశ్ హరానే గుట్కా అలవాటుతో నోటి క్యాన్సర్ బారిన పడి, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2009 అక్టోబరులో చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. ఆసుపత్రిలో చెప్పుకున్న అతని గోడు తెలుగుతో సహా అనేక భాషల్లోకి డబ్బింగ్ అయింది. పేరు చెప్పుకుంటూ మొదలయ్యే ఆ మాటలను కొన్నాళ్లకు ప్రేక్షకులే ముందుగా అందుకోసాగారు. ఆ తర్వాత అవి ఫేస్‌బుక్‌లో మీమ్‌లయ్యాయి. తప్పంతా ప్రేక్షకులదే అనలేం. ఒకే చావును ఆటకు రెండుసార్లు చొప్పున నెలల తరబడి చూపిస్తే ఎంతటి భయమైనా అరిగిపోతుంది. ఇంటింటా తెలిసిన ముఖమైన సంగతి మాత్రం ముకేశ్‌కు ఎన్నడూ తెలియలేదు.

2013 అక్టోబరులో ప్రకటనలు మారాయి. కొత్తవాటిలో ఒకదాని తెలుగు మాట ‘ఈ నగరానికి ఏమైంది?’ ఈసారి జనానికి గుర్తుండిపోయింది ముఖం కాదు, గంభీరంగా వినిపించే ఆ ప్రశ్న. దర్శకుడు తరుణ్ భాస్కర్ దాన్నే తన రెండో సినిమాకు పేరుగా పెట్టుకున్నారు. షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే నలుగురు స్నేహితుల కథ అది. డి. సురేశ్‌బాబు నిర్మాణంలో 2018 జూన్ 29న విడుదలైంది. సినిమావాళ్లు ఇష్టం లేకుండా వేసిన ప్రకటనే ఐదేళ్లకు వాళ్ల పోస్టరెక్కింది.

టీవీలో ఇలాంటి పేరు లలితా జ్యువెలరీ యజమాని కిరణ్‌కుమార్‌కు దక్కింది. నెల్లూరులో పుట్టి చెన్నైలో నగల వ్యాపారంలో స్థిరపడిన ఆయన తారలను పెట్టుకోకుండా తానే కెమెరా ముందు నిలబడి ‘డబ్బులు ఎవరికీ ఊరికే రావు’ అన్నారు. 2019 అక్టోబరులో తిరుచిరాపల్లి దుకాణానికి దొంగలు కన్నం వేసి సుమారు 13 కోట్ల రూపాయల నగలు ఎత్తుకుపోయినప్పుడు, జోకులేసేవాళ్లకు ఆ వాక్యమే దొరికింది. అయినా ఆయనకు నష్టమేమీ లేదు. మాట తనది, కొట్టు తనది, వెక్కిరింత కూడా ప్రచారమే.

మాదాపూర్‌లో ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీది వేరే కథ. ఆవిడ ప్రకటనే ఇవ్వలేదు. ‘మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ అన్న లెక్క ఒక రీల్‌లో పడి 2024 జనవరిలో ఊరంతా పాకింది. పాటగా కూడా మార్చారు. తినడానికి వచ్చినవాళ్లకు తోడు వీడియో తీయడానికి వచ్చినవాళ్లతో రోడ్డు స్తంభించింది. నెలాఖరుకు ట్రాఫిక్ పోలీసులు వ్యాపారం ఆపించారు. ఏళ్ల తరబడి సాగిన బతుకుతెరువు పేరొచ్చిన నెలలోనే చిక్కుల్లో పడింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని అదే చోట కొనసాగనివ్వమని చెప్పాక బండి మళ్లీ తెరుచుకుంది. ఫిబ్రవరిలో విడుదలైన ‘ఊరు పేరు భైరవకోన’ హీరో సందీప్ కిషన్ సినిమా ప్రచారానికి ఆ బండి దగ్గరికే వచ్చి భోంచేశారు.