ముందు మంచాలమ్మ

మా అవ్వ బేస్తవారం మంత్రాలయం పోతే ఒక నియమం తప్పేది కాదు. తుంగభద్రలో కాళ్లు కడుక్కొని, తడిసిన కుచ్చెళ్లు పిండుకొని, నేరుగా మంచాలమ్మ గుడికి. రాఘవేంద్రస్వామి బృందావనం ఆ తర్వాతే. చిన్నప్పుడు నేను తొందరపడి బృందావనం వైపు ఉరికితే రెక్క పట్టుకొని వెనక్కి లాగేది. "ఇల్లు ఎవురిది రా? ఆయమ్మది. ఇంటామెను పలకరీకుండా లోపలికి పోతారా ఎవురన్నా?"

అవ్వ పోయి మూడేళ్లయింది. కోసిగి దగ్గరి పల్లెలో పుట్టి, ఆ చుట్టుపక్కలే బతికి, అక్కడే పోయింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నా దగ్గర ఉన్నవి రెండు ఫొటోలు, ఒక ఆధార్ కార్డు. కార్డులో పుట్టినతేదీ జనవరి 1 అని ఉంది. చదువులేని వాళ్లందరికీ వేసే తేదీ అదే కదా. "మనూరు బళ్లారి జిల్లాలో ఉన్నెప్పుడు పుట్న్యా" అనేది తను. అది మాత్రం పక్కా ఆధారం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని తాలూకా బళ్లారి నుంచి కర్నూలు జిల్లాకు వచ్చింది. ఆమె తెలుగులో సగం కన్నడం ఎందుకుండేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆమె మాటల్లో ఇట్లాంటి చరిత్ర ఇంకెంత ఉందోనని వెతకడం మొదలుపెట్టాను. మంచాలమ్మ నియమం దగ్గర ఆగిపోయాను.

మంత్రాలయం పాతపేరు మంచాల. మంచాలమ్మ ఆ ఊరి గ్రామదేవత. 17వ శతాబ్దంలో ఈ నేల బీజాపూర్ ఆదిల్‌షాహీల కింద ఉండేది. ఆదోని అధిపతి సిద్ది మసూద్ ఖాన్. ఆదోనిలో ఇప్పటికీ నిలిచున్న షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. ఆయన జాగీరు ఇస్తానంటే, స్వామి మంచి పంటభూములు కాదని ఈ చిన్న ఊరినే కోరుకున్నారని, ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు ఇదేనని సంప్రదాయం చెబుతుంది. 1671లో శ్రావణ బహుళ విదియ నాడు స్వామి ఇక్కడ బృందావన ప్రవేశం చేశారు. దానికి ముందు మంచాలమ్మ అనుమతి అడిగారట. భక్తులు మొదట తనను చూశాకే ఆయన దగ్గరికి రావాలని ఆమె మాట తీసుకుందట.

తిరుమలలోనూ ముందు వరాహస్వామి దర్శనం, తర్వాతే వేంకటేశ్వరుడు. అక్కడా కథ అదే: స్థలం ఇచ్చినవాడు వరాహస్వామి. దర్శనాల వరుసను భక్తి నియమంగా చూడటం మనకు అలవాటు. నాకిప్పుడది పట్టాదారు పాస్‌పుస్తకంలా కనిపిస్తోంది. నవాబు ఇచ్చిన జాగీరు ఒక హక్కు. దానికంటే ముందు ఈ నేల మీద ఒక అమ్మ ఉందన్నది ఇంకో హక్కు. ఈ రెండోదాన్ని 350 ఏళ్లుగా మోస్తున్నది అవ్వలాంటి వాళ్ల కాళ్లు.

అవ్వ పట్టించుకున్న ఆడమనిషి ఇంకొకామె ఉంది. రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో వేంకటనాథుడు. 1595లో తమిళదేశంలోని భువనగిరిలో పుట్టారు. తల్లి గోపికాంబ. భార్య సరస్వతి, కొడుకు లక్ష్మీనారాయణ. గురువు సుధీంద్రతీర్థుల తర్వాత పీఠమెక్కడానికి 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. ఆ వార్త విని సరస్వతి పరుగున బయల్దేరి, దారిలో పాడుబావిలో పడి చనిపోయిందని, ప్రేతమై వస్తే స్వామి నీళ్లు చల్లి మోక్షమిచ్చారని కథ.

అప్పుడు తంజావూరును ఏలుతున్నది రఘునాథ నాయకుడు. మన సాహిత్య చరిత్రలో ఆ కొలువుకు పెద్ద పేరుంది. ఆ కొలువులోనే రామభద్రాంబ రాజు మీద సంస్కృతంలో 'రఘునాథాభ్యుదయం' రాసింది. మధురవాణి కూడా అక్కడే కావ్యం రాసింది. ఒకే ఊరు, ఒకే కాలం. రాసిన ఆడవాళ్లు పుస్తకాలుగా మిగిలారు. బావిలో పడిన అమ్మాయి ఒక మహిమ కథలో సన్నివేశంగా మిగిలింది. స్వామి జీవితం మీద 'రాఘవేంద్ర విజయం' రాసిన నారాయణాచార్యులు ఆయన మేనల్లుడే. సరస్వతి వైపు నుంచి రాసే మేనల్లుళ్లు ఎవరుంటారు?

అవ్వకు ఈ పుస్తకాలేవీ తెలియవు. ఆమెకు సరస్వతి తెలిసింది టూరింగ్ టాకీసులో చూసిన రాజ్‌కుమార్ కన్నడ సినిమా 'మంత్రాలయ మహాత్మె' (1966) వల్ల. కథ చెప్పేటప్పుడు ఆ చోటికి రాగానే ఆగేది. "సామి పెద్దోడే, కాదన్ల్యా. కానీ ఆ పిల్లకు ఒక్క మాట జెప్పి పోవల్ల గదా. ఆ పిల్లోన్ని ఎవురు సాకల్ల?"

ఆ ప్రశ్న ఎవరిదో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా పడమటి పల్లెల్లో వానలు పడకపోతే సుగ్గికి పోతారు. ఇంటికి తాళం వేసి, గింజలు మూటకట్టుకొని, దూరపు ఊళ్లకు కూలికి. మా తాత అట్లా ఒక ఏడు ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. సన్యాసం కాదు, పీఠం కాదు. చెప్పకుండా పోవడం మాత్రం ఒకటే. అప్పటికి మా అమ్మకు అయిదేళ్లు. అవ్వ బావి వైపు పోలేదు. శనక్కాయలు పెరికింది, పత్తి తీసింది, అమ్మను పదో తరగతి దాకా చదివించింది. తాతను ఒక్కసారి కూడా తిట్టగా నేను వినలేదు. ఆమె కోపమంతా సరస్వతి కథలోనే పెట్టుకున్నదేమో.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది. టీవీలో మఠం చుట్టూ నీళ్లు చూపిస్తుంటే మేమంతా బృందావనం గురించే మాట్లాడుకుంటున్నాం. అవ్వ ఒక్కతే అడిగింది: "అమ్మ గుడి చూపీలేదేం?"

పోయిన ఆరాధనకు అమ్మతో కలిసి మంత్రాలయం వెళ్లాను. మంచాలమ్మ దగ్గర అమ్మ సంచిలోంచి రెండు రవికె గుడ్డలు తీసింది. ఒకటి పూజారికిచ్చింది. రెండోది పట్టుకొని బయటికొచ్చి, మెట్ల మీద చంకలో పిల్లోనితో కూర్చున్న ఎవరో అమ్మాయి చేతిలో పెట్టింది. ఎందుకని అడిగాను.

"అది సరస్వతిది. మీ అవ్వ ఎప్పుడూ రెండు తెచ్చేది, నువ్వు సూడల్యా?"

చూడలేదు. ఎప్పుడూ బృందావనం వైపే ఉరికేవాణ్ని కదా.