అంచు దగ్గరే తగువు

కొత్త సినిమా ట్రైలర్ రాగానే మనవాళ్ళు ఇచ్చే తీర్పు ఒకటుంది: "గ్రాఫిక్స్ తేలిపోయాయి, అతికించినట్టుంది." అనేవాళ్ళకు కాంపోజిటింగ్ సంగతి తెలియకపోవచ్చు గానీ వాళ్ళ కన్ను తప్పు పట్టిన చోటు సరైనదే. కోట బాగానే ఉంటుంది, హీరో బాగానే ఉంటాడు. ఆ రెండూ కలిసేచోట, జుట్టు కొసల దగ్గర, ఓ సన్నటి నల్ల గీతో పచ్చటి ఛాయో మిగిలిపోతుంది. రెండు బొమ్మల్ని ఒకటి చేసే ఈ విద్యకు నూటపాతికేళ్ళు దాటాయి. బొమ్మ నడిమి భాగం గురించి ఇన్నేళ్ళలో ఎవరూ పెద్దగా తల పట్టుకోలేదు. తగువంతా అంచు గురించే.

1898లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ తన తలను తానే తీసి బల్లమీద పెట్టే చిన్న చిత్రం తీశాడు. వెనక నల్ల తెర కట్టాడు. నల్లగా ఉన్నచోట ఫిల్ము మీద వెలుగు పడదు, అక్కడ ఫిల్ము ఖాళీగానే ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పి ఆ ఖాళీలో మరో తలను చిత్రీకరించవచ్చు. అరవై ఏళ్ళ తర్వాత ఇదే కుటుంబానికి చెందిన ఉపాయం మద్రాసులో మన రావణాసురుడికీ పనికొచ్చింది. 1961 నాటి 'సీతారామ కల్యాణం'లో ఎన్టీ రామారావుకు పది తలలు చూపించడానికి ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ కెమెరాకు ఫ్రేములో కొంత భాగాన్ని కప్పే ముసుగులు మారుస్తూ ఒకే ఫిల్ము మీద మళ్ళీ మళ్ళీ తీశాడని, అంతసేపూ రామారావు కదలకుండా నిలబడ్డారని చెబుతారు. ఆ కదలకపోవడమే అసలు కిటుకు. ముసుగు ఒకచోట స్థిరంగా ఉంటుంది కాబట్టి మనిషీ స్థిరంగా ఉండాలి.

మనిషి పరుగెత్తితే? అప్పుడు ముసుగూ అతనితో పాటు, ఫ్రేము ఫ్రేముకూ ఆకారం మార్చుకుంటూ పరుగెత్తాలి. అమెరికాలో ఫ్రాంక్ విలియమ్స్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి ఇదే. నల్ల తెర ముందు నటుణ్ణి తీసి, ఆ ఫిల్మును తెలుపు నలుపులు తప్ప మరేమీ మిగలనంత గాఢంగా ముద్రించి నీడబొమ్మను ముసుగుగా రాబట్టేవారు. 1933లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్'లో నటుడికి నల్ల మఖమలు తొడిగి నల్ల మఖమలు ముందు నడిపించి, బట్టలు మాత్రమే నడుస్తున్నట్టు చూపించారు. దీని జబ్బు ఏమిటంటే నటుడి మీద పడ్డ నీడ కూడా నలుపే. ఆ నీడలోంచి వెనక దృశ్యం తొంగిచూసేది.

రంగు వచ్చాక దారి మారింది. 1940లో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' కోసం లారీ బట్లర్ నీలి తెర వాడాడు. అప్పటి టెక్నికలర్ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ మూడు వేర్వేరు ఫిల్ముల మీద నమోదు చేసేది. మనిషి చర్మంలో నీలం తక్కువ కాబట్టి ఆ మూడు ఫిల్ముల తేడాలోంచి ముసుగు తయారైంది. బట్లర్‌కు ఆస్కార్ వచ్చింది. కానీ ఆ ముసుగు అవునో కాదో మాత్రమే చెప్పగలదు. పొగ, గాజు, గాలికి చెదిరిన ముంగురులు అవునుకూ కాదుకూ మధ్య ఉండేవి. అందుకే అంచుల చుట్టూ నీలి మెరుపు పట్టి ఉండేది.

ఈ చిక్కును విప్పినవాడు పెట్రో వ్లాహోస్. 1959 నాటి 'బెన్-హర్' కోసం ఆయన ఆలోచించిన పద్ధతి నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా అందమైన ఘట్టం. తెర ముందు నిలబడిన మనిషి ముఖంలో, బట్టల్లో నీలం పాలు ఆకుపచ్చ పాలును మించడం అరుదు. తెరలో మాత్రం బాగా మించుతుంది. కాబట్టి నీలం ఎంత ఉందన్న లెక్క వదిలేసి, ఆకుపచ్చ కంటే ఎంత ఎక్కువ ఉందో కొలవాలి. అప్పుడు ముసుగు మెట్టు మెట్టుగా వస్తుంది, పొగ పొగలాగే మిగులుతుంది. రెండో ఉపాయం ఇంకా చిన్నది: ఎక్కడ నీలం ఆకుపచ్చను మించితే అక్కడ దాన్ని ఆకుపచ్చ స్థాయికి తగ్గించడం. అంచుకు పట్టిన మెరుపు దానితో పోతుంది. నేటి సాఫ్ట్‌వేర్లలో ఇలా ఒలికిన రంగును (స్పిల్) తీసే మీట వెనక ఉన్నది ఈ ఆలోచనే, ఇప్పుడు ఆకుపచ్చ తెరకు, అంటే గ్రీన్ మ్యాట్‌కు తగ్గట్టు రంగులు తారుమారయ్యాయంతే. నీలం మేకప్ వేసిన కృష్ణుణ్ణి బ్లూ మ్యాట్ ముందు నిలబెడితే మాత్రం వ్లాహోస్ లెక్క చేతులెత్తేస్తుంది. పౌరాణికాలు తీసే మనవాళ్ళకు ఇది హాలీవుడ్ కంటే ముందే ఎదురయ్యే చిక్కు.

అదే వ్లాహోస్ డిస్నీ కోసం సోడియం దీపాల పద్ధతికీ పదును పెట్టాడు. వెనక తెర మీద పడే సోడియం వెలుగు సుమారు 589 నానోమీటర్ల దగ్గర సన్నని పసుపు గీత. కెమెరాలోని పట్టకం ఆ ఒక్క వెలుగునే విడదీసి పక్క ఫిల్ము మీద ముసుగుగా రాసేది. 1964 నాటి 'మేరీ పాపిన్స్' అంచులు ఇప్పటికీ ముచ్చటగా ఉంటాయి. అయితే అలాంటి పట్టకం తయారుచేయడం మహా కష్టం, కెమెరా బరువు. పద్ధతి మూలనపడింది.

1977 'స్టార్ వార్స్' నాటికి డజన్ల ముక్కల్ని ఆప్టికల్ ప్రింటర్‌లో ఒకదానిపై ఒకటి ముద్రిస్తున్నారు. అంతరిక్షం నల్లగా ఉండటం వాళ్ళ అదృష్టం. 1980లో దాని తరువాయి చిత్రం మంచు మైదానంలో మొదలయ్యేసరికి తెల్లటి నేపథ్యం మీద ముక్కల అంచుల్లోని నల్ల గీతలన్నీ బయటపడ్డాయి.

అంచుకు అసలైన లెక్క న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో, సినిమా స్టూడియోతో సంబంధం లేనిచోట పుట్టింది. 1977లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ ప్రతి పిక్సెల్‌లో మూడు రంగులతో పాటు నాలుగో సంఖ్యనూ చేర్చారు. ఈ పిక్సెల్‌ను వస్తువు ఎంత మేరకు కప్పింది అన్నది ఆ సంఖ్య. దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లోని థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక అడుగు ముందుకేసి, రంగును ముందే ఆల్ఫాతో గుణించి దాచుకుంటే లెక్కలన్నీ సులువవుతాయని చూపించారు. సులువయ్యాయి, నిజమే. ఆ ఉపకారమే తర్వాతి తరానికి కొత్త తలనొప్పి అయింది.

1993 జనవరిలో రోడ్ ఐలాండ్‌కు చెందిన కోసా అనే చిన్న సంస్థ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఆ ఏడే దాన్ని ఆల్డస్ కొన్నది, మరుసటి ఏడు అది అడోబీ చేతికి వచ్చింది. భారీ యంత్రాలు చేసే పని మామూలు మాకింటాష్ మీదికి దిగింది. ఇక అంచు తగువు ఇంటింటి తగువైంది. తెల్లటి లోగో అంచులో సగం కప్పిన పిక్సెల్ ఒకటి తీసుకోండి. ముందే గుణించిన ఫైలులో దాని విలువ 127. సాఫ్ట్‌వేర్ అది గుణించనిదని పొరబడి మళ్ళీ గుణిస్తే 64 అవుతుంది. తెల్ల నేపథ్యం మీద పెడితే 255 రావలసినచోట 191 వస్తుంది. మోషన్ గ్రాఫిక్స్ నేర్చుకునే ప్రతి కుర్రాడూ ఎదుర్కొనే బూడిదరంగు గీత ఇదే. చాలామంది మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి కొరికించి ఆ గీతను దాచేస్తారు, దానితో పాటు జుట్టూ పోతుంది. 'ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్'లో 'స్ట్రెయిట్' తీసేసి 'ప్రీమల్టిప్లైడ్' ఎంచుకుంటే సరిపోయేది.

అది సరిచేశాక కూడా నలుపు మిగిలితే గామా వైపు, అంటే పిక్సెల్ సంఖ్యకూ తెర మీది వెలుగుకూ ఉన్న సంబంధం వైపు, చూడాలి. తెలుపునూ నలుపునూ సగం సగం కలిపితే 8 బిట్ల లెక్కలో 128 వస్తుంది. తెర మీద అది సగం వెలుగు కాదు, దాదాపు 22 శాతమే. నిజమైన సగం వెలుగుకు 188 కావాలి. అందుకే మసకబారిన అంచులు, కదలికలో చెదిరిన అంచులు ఉండవలసిన దానికంటే చీకటిగా కనిపిస్తాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రాజెక్ట్ సెట్టింగుల్లో 1.0 గామాతో రంగులు కలపమనే గడి దీని కోసమే ఉంది. 2003లో లూకాస్‌ఫిల్మ్ గ్రాఫిక్స్ సంస్థ ఐఎల్‌ఎమ్ అందరికీ విడుదల చేసిన ఓపెన్ ఈఎక్స్ఆర్ ఫైళ్ళు మొదట్నుంచీ వెలుగును వెలుగుగానే దాచుకుంటాయి.

ఈ తరం పనిముట్లు అందిన తర్వాతే 2012లో 'ఈగ' సాధ్యమైంది, దానికి గ్రాఫిక్స్ చేసిన మకుట సంస్థకు జాతీయ పురస్కారం తెచ్చింది. ఈగ రెక్క అంటేనే సగం పారదర్శకం, పైగా ఎప్పుడూ కదిలేది. అవును కాదుల ముసుగుతో దాన్ని తీయడం కుదరదు.

తెర రంగును బట్టి ముసుగు తీసే పని, అంటే కీయింగ్, ఎందుకు ఎప్పటికీ పూర్తిగా తేలదో 1996లో స్మిత్, జిమ్ బ్లిన్ గణితంతోనే చెప్పేశారు. ఒక పిక్సెల్ మనకిచ్చేది మూడు సంఖ్యలు. తెర రంగు ముందే తెలిసినా, మనిషి రంగు మూడు, ఆల్ఫా ఒకటి, మొత్తం నాలుగు కనిపెట్టాలి. ఒకటి ఎప్పుడూ ఊహించుకోవలసిందే. వ్లాహోస్ ఊహ నీలానికీ ఆకుపచ్చకూ మధ్య సంబంధం, మనిషిని నేపథ్యం నుంచి విడదీసే నేటి యంత్రాభ్యాసపు పనిముట్టు రోటో బ్రష్ ఊహ తాను నేర్చుకున్న వేల బొమ్మలు.

పోర్టర్, డఫ్ చేసుకున్న ఊహ ఒకటి ఇంకా మన మధ్యే తిరుగుతోంది. పిక్సెల్‌లో రెండు ఆకారాలు కప్పిన భాగాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదని వాళ్ళు అనుకున్నారు. కానీ ఒకే గీత దగ్గర ఆనుకుని ఉన్న రెండు ముక్కలు చెరో సగం కప్పితే పిక్సెల్ పూర్తిగా నిండాలి కదా? లెక్క ప్రకారం మొదటిది సగం వదులుతుంది, రెండోది ఆ సగంలో సగం వదులుతుంది, నాలుగో వంతు నేపథ్యం కారుతుంది. ముక్కలుగా విరిగిన లోగోను తిరిగి అతికించినప్పుడు కనిపించే వెంట్రుకవాసి గీత అదే. దానికి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ బ్లెండింగ్ మోడ్‌ల జాబితా అడుగున 'ఆల్ఫా యాడ్' అనే మందు ఉంది. చాలామంది కళ్ళు అక్కడిదాకా దిగవు.