గురునాథన్ అల్మారా

జూబిలీ సంచికకు మన పఠన మందిరం చరిత్ర రాయమని కమిటీ పెద్దలు అడగగానే నాకు కిటికీ పక్కనుండే ఆటల అల్మారా కళ్లముందు మెదిలింది. దాన్ని కూర్చి, కాపాడింది లైబ్రేరియన్ మాస్టారు. అందులో నిండి ఉండేది ఎస్.కె. గురునాథన్ కష్టం.

మద్రాసు 'హిందూ' పత్రికలో తొలితరం క్రీడా విలేకరి గురునాథన్. మ్యాచ్ అయిపోయాక స్కోరు మరుగున పడకూడదన్నది ఆయన పట్టుదల. 1946లో రంజీ ట్రోఫీ పన్నెండేళ్ల చరిత్రను పుస్తకంగా తెచ్చారు. వెంటనే 'ఇండియన్ క్రికెట్' వార్షిక సంచికకు సంపాదకత్వం చేపట్టి, 1966లో కన్నుమూసేదాకా దాన్ని విడవలేదు. మాస్టారికి ఆయనంటే గురుభావం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు మన జట్టుకు ఆడారు! ఆ ఏటి సంచికను మాస్టారు బల్లమీద తెరిచిపెడితే కోటవీధి, బురుజుపేట కుర్రాళ్లమంతా మూగేవాళ్లం.

మందిరానికి అసలు గండం 1942లో వచ్చింది. ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలు పట్టారు. వ్యవస్థాపకులూ తాళం వేసి వెళ్లక తప్పలేదు. మాస్టారు మాత్రం కదల్లేదు. స్టేషన్‌కి నడిచివెళ్లి పత్రికల కట్ట తెచ్చి, ఉన్న నలుగురికీ అరుగుమీదే చదివి వినిపించారట. కాగితం కరవై పత్రికల పేజీలు చిక్కిపోయిన రోజులవి. ఆటల వార్త నాలుగు వాక్యాలున్నా కత్తిరించి దాచేవారు. పెద్దవయసులో ఆ సంగతి చెబుతుంటే ఆయన గొంతు జీరపోయేది.

తర్వాతి రెండు దశాబ్దాలూ సాఫీగా నడిచాయి.

మందిరాన్ని నిలబెట్టిన కురుపాం మార్కెట్ వర్తకులకు, పోర్టు కార్మికులకు, ఏవీఎన్ కాలేజీ అధ్యాపకులకు, బల్లలు చేసిచ్చిన వడ్రంగులకు, ఏటేటా సున్నం వేసిన కూలీలకు, నెలనెలా చందా మానని గృహిణులకు నమస్కారాలు.

ఒక్కమాట దాచలేను. మా చిన్నప్పుడు పత్రికలన్నీ పై ఊళ్లనుంచే వచ్చేవి. మన మైదానాల్లో ఆడినవాళ్ల పేర్లు వాటిలో అరుదుగా కనబడేవి. 1974 ఆగస్టు 10న విశాఖలోనే 'ఈనాడు' పుట్టాక ఊరి వార్తకు చోటు పెరిగింది. 1988 డిసెంబరులో మున్సిపల్ స్టేడియంలో న్యూజీలాండ్ మీద శ్రీకాంత్ 70 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసిన సంగతి ఊరంతా చదువుకుంది. అంతకుముందు ఇక్కడ ఆడినవాళ్ల ఆనవాళ్లు మాస్టారి కత్తిరింపుల్లోనే ఉండేవి. తర్వాత మరమ్మతుల పేరిట ఆ కత్తిరింపుల కట్టలనూ, గురునాథన్ సంచికలనూ తూకానికి అమ్మేశారు. సర్వసభ్య సమావేశంలో ఒక్కమాట అడగలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎవరి అటకమీదైనా ఆ వార్షిక సంచికలుంటే దయచేసి మందిరానికి ఇవ్వండి. 1953-54 నాటి స్కోర్లున్నది దొరికితే వెల నేనే చెల్లిస్తాను. అల్మారాకు కొత్త తలుపులు కూడా పెట్టిస్తాను.